గురుత్వాకర్షణకి జ్వరం

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. సూరత్‌లో, లింబాయత్ తెలుగు బడిలో ఆ రెండో దారి వెంకటాచలం మాస్టారిది. ఆయన ఎవరినీ పేరు పెట్టి పిలవరు. పేర్లు గుర్తుండక కాదు. ఎప్పుడో బడి మానేసిన పిల్లవాడి మేనమామ పేరడిగినా ఇంటిపేరుతో సహా చెబుతారు. పిలవరు, అంతే. ఆయన పిలిచేది సైన్సు మాటలతో. ఎదురుగా ఉన్నవాడు మార్కండేయ అయితే కావచ్చు, ఆయనకు మాత్రం అయస్కాంతం. వాడి పక్కవాడు ద్రవ్యరాశి. ఏడో తరగతి గుమ్మంలో నిలబడి "బాష్పీభవనం, ఆ కిటికీ మూయి. ఘర్షణా, కాళ్ళు కిందికి దించు" అని ఆయన కేకేస్తుంటే, కొత్తవాళ్ళు ఈయన గాలితో మాట్లాడుతున్నాడని అనుకుని పక్కకు తప్పుకుంటారు.

ఈ జబ్బు ఎప్పుడు మొదలైందో హెడ్మిస్ట్రెస్ హైమవతికి బాగా తెలుసు. ఆయన చేరిన మొదటిరోజే. అక్కడివాళ్ళంతా తెలంగాణ నుంచి వచ్చి మరమగ్గాల మీద బతికే నేతవాళ్ళు. వాళ్ళ కులానికి మూలపురుషుడు మార్కండేయ మహర్షి కాబట్టి, ఆ సందుల్లో రాయి విసిరితే ఎవడో ఒక మార్కండేయకు తగులుతుంది. ఏడో తరగతిలోనే నలుగురున్నారు. మాస్టారు హాజరు వేస్తూ "మార్కండేయ" అన్నారు. నలుగురూ లేచారు. "మీలో ఏ మార్కండేయ?" అని అడిగారు. క్లాసంతా ఒక్క గొంతుతో ఏదో జవాబు చెప్పి, విరగబడి నవ్వింది. పక్కనున్న మగ్గాల షెడ్డు మోతలో హైమవతికి ఆ జవాబు వినపడలేదు, నవ్వు మాత్రమే వినపడింది. మాస్టారు గ్లాసెడు మంచినీళ్ళు తాగి, మధ్యాహ్నం వెళ్ళి క్లాసులో ఉన్నవాళ్ళందరికీ తలొక మాట పెట్టి వచ్చారు.

"నలుగురికి ఒకటే పేరుంటే కష్టమండి" అన్నారు సంజాయిషీగా.

"అయితే ఆ నలుగురికే పెట్టాల్సింది. మిగతా పిల్లలు ఏం పాపం చేశారు?"

"మొదలుపెట్టాక చెయ్యి ఆగలేదండి."

పోనీ పేరు పెట్టి ఊరుకున్నారా అంటే, అదీ లేదు. ఎవరి మాట వాళ్ళ పూచీ. పాఠంలో ఆ మాట వచ్చినప్పుడల్లా దాని సొంతదారు లేచి, అదేమిటో అందరికీ చెప్పాలి. అంతేకాదు, సోమవారం వచ్చేసరికి ఆ మాట తనకు ఎక్కడ కనబడిందో కబురు తేవాలి. ఘర్షణ అనే సుమన్, బేరింగుకు నూనె వేయలేదని నాయన పనిచేసే షెడ్డుకు వెళ్ళి మేస్త్రీతోనే తగాదా పెట్టుకున్నాడు. బాష్పీభవనం అనే అమ్మాయి డాబామీద ఆరేసిన తల్లి చీరకు కాపలా కూర్చుని, అది ఎంతసేపట్లో ఆరిందో చూడడంలో పడి పొయ్యిమీది పప్పు మాడబెట్టింది. జీర్ణక్రియ అనే నవత, వాళ్ళ నానమ్మ లోచో అనే సూరత్ శనగపిండి టిఫిను మీద ఎంత నూనె పోయించుకు తిన్నదీ, ఆ తర్వాత ఆమె కడుపులో ఏం జరిగిందీ క్లాసులో అణా పైసలతో సహా వివరించింది. ఇక ప్రణయ్‌ది కిరణజన్య సంయోగక్రియ. క్లాసులో అందరికన్నా పొడుగు మాట తనదేనని వాడికి గీర. వాళ్ళ సందులో చెట్టు అన్నది లేదు గనక, రంగు డబ్బాలో తులసి మొక్క నాటి, మేడల మధ్య ఎండ ఎటు జరిగితే అటు ఆ డబ్బా మోసుకుంటూ తిరిగేవాడు.

పిల్లలవరకైతే హైమవతి సర్దుకునేదే. అంటువ్యాధిలాగా అది ఇళ్ళకు కూడా పాకింది. ఒకనాడు పొద్దున్నే ఆవిడకు ఫోను వచ్చింది.

"మేడం, గురుత్వాకర్షణకి జ్వరమొచ్చింది. ఇయ్యాల రాడు."

"ఎవరికి?"

"గదే మేడం, గురుత్వాకర్షణకి. రాత్రంతా ఒళ్ళు కాలిపోయింది. గోలీ ఇచ్చిన."

హైమవతి సాంఘికం, తెలుగు చెబుతుంది. చదువుకున్న రోజుల్లో సైన్సంటే ఆమడ దూరం. అయినా భూమికి ఆకర్షణ తగ్గిపోయినట్టు ఆ రోజంతా ఆవిడకు కాలు నిలవలేదు.

ఇంకోసారి బడికి డాక్టరు శ్రీవల్లి వచ్చింది, పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేయడానికి. కొత్తగా హైదరాబాదు నుంచి వచ్చిన పిల్ల. కాగితం చూసి "నవత" అని పిలిచింది. ఎవరూ కదల్లేదు. మళ్ళీ పిలిచింది. ముందు బెంచీలో ఉన్న నవత, ఆ నవత ఎవరో చూద్దామని తనే వెనక్కి తిరిగి చూసింది.

"ఈ పాపకు చెవుల పరీక్ష చేయించాలండి" అంది డాక్టరు.

"చెవులకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి. మీరు జీర్ణక్రియ అని పిలవండి" అంది హైమవతి తల వంచుకుని.

"జీర్ణక్రియ సంగతి తర్వాత చూద్దాం మేడం. ముందు చెవులు."

ఆ సాయంత్రం హైమవతి మాస్టారిని గదిలోకి పిలిపించింది. పిలవడానికి వెళ్ళినవాడు ప్యూను బ్రహ్మచారి. ఆ బ్రహ్మచారికి ముగ్గురు పిల్లలు. అతనికీ మాట తప్పలేదు. కాగితం పట్టుకుని హెడ్మిస్ట్రెస్ గదినుంచి పోయేటప్పుడు ధమని, తిరిగి తెచ్చేటప్పుడు సిర.

"మరి నేనేమిటి?" అని అడిగింది హైమవతి కోపంగా. నిజానికి అడగాలని చాలా రోజులుగా ఉంది.

"మీరు హృదయమండి."

హైమవతి కోపం సగం దిగింది. తలపైకెత్తి కొంగు సవరించుకుంది.

"నాలుగు గదులు, ఒక్క నిమిషం ఊరుకోదు, ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉంటుంది" అని పూర్తి చేశారు మాస్టారు. దిగిన సగం రెట్టింపై ఎక్కింది.

ఈయనను ఎవరూ ఏమీ చేయలేరనుకుంటున్న రోజుల్లో, ఆ జ్వరం ఫోనుకు ముందే, ఒకసారి పోశమ్మ వచ్చింది. గోడాదరాలో ఉంటుంది. చీర చెంగు నడుముకు చుట్టి వచ్చిందంటే కాలనీ పెద్దలే ఇళ్ళలోకి పోయి తలుపులు వేసుకుంటారు. ఆమె మనవడు పరమేశ్‌కు మాస్టారు పెట్టిన మాట 'విసర్జన'.

"ఏం సారూ, బంగారమసొంటి నా మనుమనికి విసర్జననా? మీ సదువుల ఇంకో మాటనే దొరకలేదా?"

"అమ్మా, తినడం ఎవడైనా తింటాడు. విసర్జన ఆగితే మహారాజైనా రెండోనాటికి ఆసుపత్రిలో ఉంటాడు. మీవాడిది అందరికన్నా పెద్ద ఉద్యోగం."

"గంత పెద్ద నౌకరి మాకొద్దు. మీ పెద్ద మేడానికి ఇయ్యిండ్రి."

హైమవతి గతుక్కుమంది. మాస్టారు మూత్రపిండాల గొప్పతనం గురించి ఉపన్యాసం ఎత్తుకున్నారు. పోశమ్మ విసిగిపోయి, ఆయన చెయ్యి పట్టుకుని వరండా చివరికి లాక్కుపోయి చెవిలో ఏదో చెప్పింది. మాస్టారి మొహం పాలిపోయింది. రెండు చేతులూ జోడించారు.

"తప్పయింది తల్లీ. నాకు తెలియదు. ఈ క్షణం నుంచి వాడు గురుత్వాకర్షణ. భూమ్మీద ఉన్నదంతా వాడి చేతిలోనే ఉంటుంది."

అంతటితో పోశమ్మ శాంతించి వెళ్ళింది. చెవిలో ఏం చెప్పిందని హైమవతి ఎంత అడిగినా మాస్టారు నోరు విప్పలేదు. మర్నాటి నుంచి పరమేశ్ క్లాసులో ఏది కిందపడినా అది తన పనేనని లేచి నిలబడడం మొదలుపెట్టాడు.

ఇదంతా నవ్వులాటగా సాగుతూండగా, దీపావళి సెలవుల తర్వాత నరహరి తన కూతుర్ని చేయిపట్టుకుని తీసుకొచ్చాడు. అతను మగ్గం నడుపుతాడు. కామ్‌రేజ్ వదిలి గోడాదరాలో గది తీసుకున్నాడు. పిల్ల పేరు హారతి. ఒక కన్ను కొంచెం పక్కకు చూస్తుంది. మాట్లాడినంతసేపూ తల వంచుకునే ఉంది.

"ఆడి బడి ఇడిసిపెట్టింది మేడం. పోరలు పేరు వెట్టిన్రట, పోనంటే పోనన్నది. మంచిగనే సదువుతది. గీడ గూడ గట్లనే చేస్తే ఇగ నాతోని గాదు. తల్లి పక్కకు కూసొని దారాలు కత్తిరిస్తది."

సూరత్‌లో పుట్టిన చీరల్లో సగం చీరల దారపు పోగులు ఆ సందుల్లో ఆడవాళ్ళే ఇంట్లో కూర్చుని కత్తిరిస్తారు. ఆ పనిలో ఒకసారి కూర్చున్న పిల్ల మళ్ళీ బడికి లేవడం హైమవతి తన సర్వీసులో చూడలేదు.

"నాది పూచీ నరహరిగారూ. ఇక్కడ మీ అమ్మాయికి ఎవరూ పేరు పెట్టరు" అంది. అన్న మరుక్షణం ఆవిడకు వెంకటాచలం మాస్టారు గుర్తొచ్చారు. పేరుకు భయపడి వచ్చిన పిల్లను తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టడమంటే కొరివితో తల గోక్కోవడమే.

వెంటనే ఆయనను పిలిపించింది. "చూడండి, ఈ పిల్ల దగ్గర మాత్రం మీ వేషాలు వద్దు. హారతి అని అమ్మానాన్నలు పెట్టిన పేరుంది. ఆ పేరుతోనే పిలవండి."

మాస్టారు నొసలు చిట్లించారు. "అందరికీ ఉండి, ఆ ఒక్క అమ్మాయికీ లేకుండానా? బాగా ఆలోచించి చెబుతున్నారా?"

"నేను ఆలోచించకుండా ఎప్పుడైనా చెప్పానా?"

దీనికి జవాబు ఆయన దగ్గర ఉంది కానీ, మర్యాదస్తుడు గనక ఊరుకున్నారు. పిల్లను హారతి అనే పిలిచారు. హైమవతి కిటికీలోంచి రెండుసార్లు తొంగి చూసి, మాట నిలబెట్టుకున్నారని సంతోషించింది.

మొదటివారం హారతి వచ్చింది. రెండోవారం వచ్చీ రానట్టు వచ్చింది. మూడోవారం బెంచీ ఖాళీ.

ఆదివారం పొద్దున్న హైమవతి షేర్ ఆటోలో ఇరుక్కుని గోడాదరా వెళ్ళింది. నరహరి గది వెతకడం కష్టం కాలేదు, పక్క గుమ్మంలోనే పోశమ్మ కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. లోపల గదినిండా చీరల మూటలు. హారతి తల్లి భాగీరథి ఒక చీర ఒళ్ళో పరుచుకుని పోగులు కత్తిరిస్తోంది. పక్కన ఇంకో కత్తెర ఉంది. దాన్ని పట్టుకోవాల్సిన పిల్ల, మేడం వచ్చిందని మూటల వెనక దాక్కుంది.

"ఎవరేమన్నారో చెప్పమ్మా. సోమవారం వాళ్ళ వీపు విమానం మోత మోగిస్తాను" అంది హైమవతి మూటలకేసి చూసి.

మూటలు మాట్లాడలేదు. గుమ్మంలోంచి పోశమ్మ అందుకుంది.

"ఏమంటరు? కన్ను గట్లుంటే మెల్ల అనే అంటరు. ప్రణయ్‌గాడు మొదలువెట్టిండు. నీ మాటేందని అడిగిండట. లేదన్నది. లేకుంటే ఎట్ల, నేనిస్త పట్టని ఆ పేరు వెట్టిండు. మీ సారు ముందుగాలనే ఒక మాట ఇచ్చి ఉంటే గింత కాకపోవు. ఎందుకియ్యలేదో నాకు సమజ్ కాలే."

"మాట ఇస్తే మాత్రం? అదీ పేరు పెట్టడమే కదా" అంది హైమవతి.

పోశమ్మ వెల్లుల్లి పక్కనబెట్టి, తెలియనివాళ్ళకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"పెద్ద మేడం, మా గల్లీల ఒక్కటే పేరు పదిమందికుంటది. అందుకే ఒంట్ల ఏ లోపముంటే అది చెప్పి పిలుసుడు మాకు అలవాటు. మా పరమేశ్ చాన రోజులు పక్క తడిపిండు. ఆ పేరే వెట్టిన్రు వానికి. గా సంగతి తెల్వక మీ సారు విసర్జన అన్నడు, నేను చెవుల చెప్తే దండం వెట్టిండు. ఆ సుమన్‌గాని నాయిన తాగి కాలువల పడ్డ దినం సంది వాన్ని ఏమనేటోళ్ళు? నవత తల్లి ఎటో పోతే ఆ పిల్లను ఏమనేటోళ్ళు? ఇప్పుడు పొయ్యి అడగుండ్రి. ఎవ్వనికి యాదికి లేదు. అందరు ఘర్షణ, జీర్ణక్రియ అంటున్నరు. నాకు నోరు తిరగదు గని, మా పోరడు తలకాయెత్తి నడుస్తుండు."

మొదటిరోజు క్లాసంతా విరగబడి నవ్విన ఆ జవాబు ఏమై ఉంటుందో హైమవతికి ఇప్పుడు తెలిసింది. అన్ని పాత పేర్లనూ తుడిచిపెట్టిన మనిషిని ఆపి, ఈ ఒక్క పిల్లకు మాత్రం ఖాళీ వదిలింది తనే. పూచీ అంటే ఇదా అని తనను తనే తిట్టుకుంది.

మూటల వెనకనుంచి చిన్న గొంతు వచ్చింది. "అందరికి ఒక మాటుంది. నాకే లేదు."

"ఓస్, అంతేనా? నేనిస్తాను" అంది హైమవతి గబగబా. ఇస్తానన్నాక కానీ ఇవ్వడానికి తన దగ్గర ఎన్ని మాటలున్నాయో చూసుకోలేదు. "అయస్కాంతం?"

"అది మార్కండేయది. ఇనుమును గుంజుకుంటది. రెండు కొనలుంటయి."

"ద్రవ్యరాశి?"

"అది ఇంకో మార్కండేయది. ఒక వస్తువుల ఎంత పదార్థముందో అది. బరువు వేరే, అది వేరే."

"ఘనీభవనం?"

"అదీ ఉన్నది మేడం. నీళ్ళు గడ్డకట్టుడు."

రెండు వారాలు తల వంచుకుని కూర్చున్న పిల్ల క్లాసులో అందరి మాటలూ, వాటి అర్థాలూ, వాటి సొంతదారులతో సహా నేర్చేసుకుంది. హైమవతి బుర్ర గోక్కుంది. గుర్తొచ్చినవన్నీ అయిపోయాయి. "విసర్జన ఒక్కటే ఖాళీగా..." అని ఆగి, "వద్దులే" అని తనే అనేసింది.

మూటల వెనక కిసుక్కున నవ్వు వినపడింది. భాగీరథి కత్తెర ఆపి అటు చూసింది.

"పెద్ద మాట గావాలె. చిన్నదైతే నేను రాను" అంది హారతి.

సోమవారం హైమవతి మాస్టారిని గుమ్మంలోనే పట్టుకుంది. "ఇంత విషయం నాకు ఒక్కముక్క చెప్పొద్దూ? నేనేమో మీకు పిచ్చి అనుకుంటూ..."

"చెప్పాలంటే ఎవరిని ఏమనేవాళ్ళో కూడా చెప్పాల్సి వస్తుంది కదండీ" అన్నారాయన. "ఆ పేర్లు మరిచిపోవడానికే ఇంత తంటా. మళ్ళీ నా నోటితో ఎందుకని."

హైమవతికి కళ్ళు చెమ్మగిల్లాయి. అది ఆయన కంటబడకుండా "సరే, క్లాసుకు పదండి, గంట కొట్టి ఎంతసేపైంది" అని గదిమింది.

క్లాసులో సమస్య వచ్చిపడింది. హారతికి అన్నిటికన్నా పొడుగు మాటే కావాలి. అది ప్రణయ్‌ది. సొంతదారు ఒప్పుకోకపోతే మాట చేతులు మారకూడదని మాస్టారి నియమం. హైమవతి అయితే వాడి చెవి మెలేసి ఇప్పించేది. మాస్టారు మాత్రం వాడు పెట్టిన పేరు ఊసే ఎత్తలేదు. "ఏమంటావురా?" అని అడిగి ఊరుకున్నారు.

ప్రణయ్ హారతిని చూశాడు, నేలను చూశాడు, చెవులు ఎర్రబడ్డాయి. తప్పు చేశానని వాడికి తెలుసు. కానీ ఎండ వెంట డబ్బా మోసినవాడికి మాట వదులుకోవడం అంత తేలికా? సూరత్ బట్టల మార్కెట్లో పెరిగినవాడు గనక బేరం పెట్టాడు.

"సగం ఇస్త సార్."

"ముందటి సగం నాది" అంది హారతి తల ఎత్తి. క్లాసులో తల ఎత్తడం అదే మొదలు.

ఆ విధంగా హారతి కిరణజన్య అయింది, ప్రణయ్ సంయోగక్రియ అయ్యాడు. మాస్టారు ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి తీర్పు చెప్పారు. "వినండి. ఎండా, నీళ్ళూ, గాలీ కలిస్తేనే ఆకులో వంట. మీరిద్దరూ ఉంటేనే ఈ మాట. ఒక్కరు రాకపోయినా ఆ రోజు రెండోవాడు నోరెత్తకూడదు, చెట్టుకు పస్తే."

చెట్టు సంగతి ఎలా ఉన్నా, నోరెత్తకుండా ప్రణయ్ ఒక పూట ఉండలేడు. మర్నాటి నుంచి పొద్దున్నే వెళ్ళి నరహరి గుమ్మం ముందు నిలబడడం మొదలుపెట్టాడు. హారతి ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు. ఇంట్లో రెండో కత్తెరను భాగీరథి పోశమ్మకు ఇచ్చేసింది. కానీ వారం తిరిగేసరికి ఇద్దరూ ఆలస్యంగా రావడం మొదలైంది. హైమవతి ప్రణయ్‌ను ఆపి నిలదీసింది.

"నాది తప్పు గాదు మేడం. ఆమె ఎప్పుడో తయారైతది. జడలేసుకొని, బ్యాగు తగిలించుకొని దర్వాజ ఎనకనే నిలబడతది. నాకు కనబడుతనే ఉంటది. అయినా బయటికి రాదు. కిరణజన్యా, కిరణజన్యా అని గల్లి మొత్తానికి ఇనబడేదాంక పిలిపించుకుంటది. పోశమ్మ అవ్వ గూడ బయటికొచ్చి సూస్తది. నా గొంతు పోతున్నది మేడం, జర మీరన్న చెప్పుండ్రి ఆమెకు."

హైమవతి గడియారం చూసింది. పావుగంట ఆలస్యం. ఆలస్యంగా వచ్చినవాళ్ళను వరండాలో నిలబెట్టడం ఆవిడ పెట్టిన రూలే.

"చెప్పను" అంది. "రేపటినుంచి నువ్వే పావుగంట ముందు బయలుదేరు. గల్లీ చివరిదాకా వినబడాలి. గట్టిగా పిలువు."